గరిక పీకి ఫెస్క్యూ వేస్తారా?

ఈ మధ్య మా శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా లేచిన ఇళ్ళు చూశారా? రాజాం వెళ్ళండి, చీపురుపల్లి వెళ్ళండి, టెక్కలి వెళ్ళండి. అబ్బాయో అమ్మాయో బయటి దేశంలో ఉద్యోగం చేస్తున్న ఇల్లయితే గేటు దగ్గరే తెలిసిపోతుంది. గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగు, వాటి ముందు వందో నూట ఇరవయ్యో గజాల లాన్. ఆ లాన్‌లలో కొన్నింటికి ఏడాదిలో మూడు రంగులుంటాయి. సంక్రాంతికి ముదురు ఆకుపచ్చ, ఉగాదికి పసుపు, రోహిణి కార్తెకి మట్టి రంగు.

పచ్చగా ఉన్నప్పుడు తీసిన ఫొటో వాట్సాప్‌లో అమెరికా వెళ్తుంది. లైకులు పడతాయి. ఎండిపోయాక వెళ్ళిన ఫొటోకి మాత్రం ఫోనొస్తుంది. "నీళ్ళు సరిగ్గా పొయ్యట్లేదా అమ్మా? ఇక్కడ మా ఇంటి ముందు చూడు ఎలా ఉందో!" అని.

ఈ వారం నేను ఆ అమ్మల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. నీళ్ళు పొయ్యక చచ్చిన గడ్డి కాదది. ఎన్ని నీళ్ళు పోసినా బతకని చోట వేసిన గడ్డి.

చలి గడ్డి అంటే ఏమిటి?

లాన్ గడ్డిలో రెండు పెద్ద కులాలున్నాయి. చలికాలపు గడ్డి, వేడికాలపు గడ్డి. మనవాళ్ళు అమెరికాలో, ఇంగ్లండ్‌లో చూసి ముచ్చటపడే మెత్తటి పచ్చిక చాలావరకు మొదటి కులానిది. అందులో ముఖ్యమైనవి మూడు: టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్.

టాల్ ఫెస్క్యూ వీటిలో గట్టిపిండం. ఆకు కాస్త వెడల్పు, వేరు రెండు మూడడుగుల లోతుకి దిగుతుంది. గుబురుగా పెరుగుతుందే తప్ప పెద్దగా పాకదు. అందుకే ఎక్కడైనా ఒక కుదురు చస్తే ఆ బొక్క బొక్కలాగే ఉంటుంది, మళ్ళీ విత్తనం చల్లుకోవాలి. కెంటకీ బ్లూగ్రాస్ అలా కాదు. నేల లోపల పిలకలు పంపి ఖాళీలు తనే పూడ్చుకుంటుంది. కాకపోతే సోమరి. మొలకెత్తడానికే రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటుంది. రైగ్రాస్‌కి తొందరెక్కువ, వారం పది రోజుల్లో మొలుస్తుంది. టీవీలో చూసే వింబుల్డన్ కోర్టులు 2001 నుంచీ నూటికి నూరు శాతం ఈ రైగ్రాసే. ఆటకి దాన్ని 8 మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు.

ఫెస్క్యూకి ఒక మంచి కథుంది. ఈ గడ్డి యూరప్ నుంచి వచ్చింది. 1931లో కెంటకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇ.ఎన్. ఫెర్గస్, అదే రాష్ట్రంలోని మెనిఫీ కౌంటీలో ఒక రైతు కొండవాలు పొలంలో పచ్చగా నిలిచిన గడ్డి చూశాడు. విత్తనం పట్టుకెళ్ళి పరీక్షలు చేయించాడు. 1943లో 'కెంటకీ 31' పేరుతో రైతులకి విడుదల చేశారు. ముందు పశువుల మేతగా పాకి, తర్వాత ఇళ్ళ ముందుకొచ్చింది. పేరులోని 31, అది కంటపడ్డ సంవత్సరం.

ఇంకో సంగతి. ఈ ఫెస్క్యూ రకాలు చాలావాటిలో కంటికి కనపడని బూజు ఒకటి ఆకుల మధ్యే కాపురముంటుంది. దానివల్ల గడ్డికి పురుగు తక్కువ పడుతుంది, ఎండకి కాస్త ఓర్పు వస్తుంది. లాన్‌కి అది వరం. అదే గడ్డి ఆవు మేస్తే ఒంట్లో వేడి పెరుగుతుంది, పాలు తగ్గుతాయి, ఈత దెబ్బతింటుంది. మన ఊళ్ళలో లాన్ కోసిన గడ్డి ఎక్కడికెళ్తుందో మీకు తెలుసు. నేరుగా గేదె ముందుకే. కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

షార్లట్‌లో దానికి జరిగే సేవ

మా దొడ్డమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, నార్త్ కరొలైనా రాష్ట్రం షార్లట్‌లో ఉంటాడు. తెలుగువాళ్ళు బాగానే ఉన్న ఊరు. అక్కడ ఎక్కువ ఇళ్ళ ముందు టాల్ ఫెస్క్యూయే. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్ రాసే మనిషి, శనివారం పొద్దున్నే గడ్డి మిషను పట్టుకుంటాడు. సరదా కాదు. గడ్డి అడుగెత్తు పెరిగితే కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది.

ఆ గడ్డికి అక్కడ ఉన్న క్యాలెండర్ ఒకసారి చూడండి. దాని స్వభావం మొత్తం అందులోనే ఉంది.

సెప్టెంబరులో ఎండ విరిగాక నేలలోంచి వేలెడేసి మట్టి కడ్డీలు పీకే యంత్రం తిప్పుతారు. వేళ్ళకి గాలాడాలని. వెంటనే విత్తనం. కొత్త లాన్ అయితే చదరపు మీటరుకి 30 నుంచి 40 గ్రాములు, పాతదాంట్లో ఖాళీలు పూడ్చడానికైతే అందులో సగం. మొలకెత్తేదాకా రోజుకి రెండు మూడుసార్లు పలచగా తడుపుతారు. సెప్టెంబరు, నవంబరు, ఫిబ్రవరి నెలల్లో ఎరువు. ఒక్కో దఫా చదరపు మీటరుకి 5 గ్రాముల నత్రజని మించకుండా. మార్చి సగం దాటితే నత్రజని బస్తా గరాజ్‌లోకి వెళ్ళిపోతుంది. ఎండాకాలం ఎరువు వేస్తే మేలు కంటే చేటు ఎక్కువ.

కోత కూడా అంతే. ఏడున్నర నుంచి పది సెంటీమీటర్ల ఎత్తు ఉంచుతారు. ఒక్కసారి ఆకులో మూడోవంతుకి మించి కొయ్యరు. ఎండాకాలం ఇంకాస్త ఎత్తు పెంచుతారు, పొడుగు ఆకు నీడకి నేల చల్లగా ఉంటుందని. నీళ్ళు వారానికి పాతిక మిల్లీమీటర్లు, వానతో కలిపి. పోస్తే తెల్లవారుజామున, లోతుగా. సాయంత్రం మాత్రం పొయ్యరు. ఎందుకో కాసేపాగి చెప్తాను.

గమనించారా? ఈ గడ్డికి అసలు జీవితం చలి మొదలైనప్పుడూ, చలి తగ్గుతున్నప్పుడూ. ఎండాకాలం అనేది దానికి పళ్ళ బిగువున గడపాల్సిన కాలం. షార్లట్‌లో అలాంటి గడ్డుకాలం రెండు మూడు నెలలు. అంత సేవ చేసినా ఆ రెండు మూడు నెలల్లోనే మచ్చలు పడి, సెప్టెంబరులో మళ్ళీ విత్తనం చల్లాల్సి వస్తోంది. మరి మా బొబ్బిలిలో ఆ కాలం ఎన్నాళ్ళు?

లెక్క ఎక్కడ తప్పుతోంది?

చలి గడ్డికి ఆకు పెరగడానికి 15 నుంచి 24 డిగ్రీలు హాయి. వేరుకి ఇంకా చల్లదనం కావాలి, నేల 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. నేల పాతిక దాటిందంటే కొత్త వేరు పుట్టడం ఆగి, ఉన్న వేరు కురచబారుతుంది. ఇప్పుడు మన లెక్క చూడండి. కళింగపట్నం గాలి తగిలే ఊళ్ళలో నిండు చలికాలం రాత్రి కూడా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అంటే మన పుష్యమాసపు చలి దానికి వసంతకాలం. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా చాలా రాత్రులు 25 కిందికి దిగవు. పైగా సముద్రపు ఉక్క.

పగటి ఎండ కంటే రాత్రి ఉక్కే దీన్ని ఎక్కువ చంపుతుంది. మొక్క పగలు సంపాదిస్తుంది, రాత్రి ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. చలి గడ్డికి పగటి సంపాదన కూడా అంతంతమాత్రమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని చక్కెరగా మార్చే పనికి రుబిస్కో అని ఒక ఎంజైము ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది పొరబడి కార్బన్ డయాక్సైడ్‌కి బదులు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. దానివల్ల తయారైన సరుకులో కొంత వృథా. మా భాషలో చెప్పాలంటే, వెనకాల ఏదో పనికిరాని ప్రాసెస్ నడుస్తూ బ్యాటరీ తినేస్తున్న ఫోన్ లాంటిది. పైకి బాగానే ఉంటుంది, సాయంత్రానికి ఆరిపోతుంది.

గరిక, చెరకు, జొన్న, మొక్కజొన్న, మన చోళ్ళు ఇలా కాదు. ఇవి ముందు ఒక కణంలో కార్బన్ డయాక్సైడ్‌ని పోగుచేసి, పక్క కణంలో ఉన్న రుబిస్కో చుట్టూ కిక్కిరిసేలా నింపుతాయి. దానికి పొరబడే అవకాశం దాదాపు ఉండదు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ దారిని వివరించారు. వాళ్ళు పరీక్షించిన మొక్క చెరకు. మన బొబ్బిలి, భీమసింగి రైతులకి కొత్త పంటేం కాదు.

ఇక్కడ తెలివైన పాఠకులు ఒక ప్రశ్న వెయ్యాలి. "బాబూ, వరి కూడా ఫెస్క్యూ దారిలోనే చక్కెర చేసుకునే మొక్క కదా, మరి వరి మా దగ్గర ఎలా పండుతోంది?" నిజమే. వరికీ ఆ నష్టం ఉంది. కానీ వరి వేడి దేశాల్లో పుట్టి పెరిగిన మొక్క. దాని వేరు, ఆకు, జీవితకాలం వేడికీ నీటికీ అలవాటు పడ్డవి. పైగా మనం దాన్ని నాలుగైదు నెలలు పెంచి కోసేస్తాం. ఫెస్క్యూని ఏళ్ళ తరబడి, ఏ ఒక్క ఎండాకాలమూ వదలకుండా బతకమంటున్నాం.

పాముపొడ అంటే గుర్తుపట్టారా?

సాయంత్రం నీళ్ళెందుకు పొయ్యకూడదో ఇప్పుడు చెప్తాను.

ఫెస్క్యూకి వచ్చే పెద్ద జబ్బు పేరు ఇంగ్లిషులో బ్రౌన్ ప్యాచ్. లాన్‌లో పళ్ళెమంత, తట్టంత గోధుమరంగు మచ్చలు గుండ్రంగా పడతాయి. రాత్రి 20 డిగ్రీలు దాటి, ఆకు పది గంటలకు పైగా తడిగా ఉంటే చాలు, ఊపందుకుంటుంది. నత్రజని ఎక్కువైతే ఇంకా ఊపు. దాన్ని కలిగించే శిలీంధ్రం పేరు రైజోక్టోనియా సొలాని.

ఈ పేరు మీకు కొత్తగా ఉండొచ్చు గానీ, జబ్బు కొత్తది కాదు. వరిలో మన రైతులు పాముపొడ తెగులు అనేదానికీ కారణం ఈ రైజోక్టోనియా సొలానియే. కాండం మీద పాము చర్మంలా పొడలు పొడలుగా వచ్చే మచ్చలు, దుబ్బు దట్టంగా ఉన్నచోట, యూరియా ఎక్కువైనచోట, గాలాడనిచోట ముందు కనిపిస్తుంది. దొడ్డమ్మ వాళ్ళింట్లో లాన్ మచ్చలు చూసి, పక్క పొలం రైతు వంగి ఆకు తుంపి చూసి అన్న మాట ఇది: "ఇది పాముపొడనాగుంది కదమ్మా, యూరియా ఏసీసినారేటి?" ఆయన ఏ పుస్తకమూ చూడలేదు. మచ్చ చూశాడు, అంతే.

ఆయన ఊహ నిజం. గడ్డి పసుపెక్కుతోందని కంగారుపడి దొడ్డమ్మ రెండు గుప్పెళ్ళు యూరియా చల్లింది. ఎండ తగ్గాక చల్లగా ఉంటుందని రోజూ సాయంత్రం తడిపింది. ఎవరైనా అదే చేస్తారు. మన ఇంట్లో మల్లెచెట్టుకీ, చిక్కుడు పాదుకీ అలాగే చేస్తాం. కానీ ఫిబ్రవరి చివరి నుంచి నవంబరు దాకా ఇరవై దాటే రాత్రులున్న మన ఊళ్ళో, తడి ఆకూ యూరియా కలిస్తే ఆ శిలీంధ్రానికి విందు భోజనం పెట్టినట్టే.

నీళ్ళు ఎవరు పోస్తారు?

అసలు విషయం ఇది. మే నెలలో పచ్చగా ఉండాలంటే ఇలాంటి గడ్డికి రోజుకి 6 మిల్లీమీటర్ల నీళ్ళయినా కావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 120 గజాల లాన్ అంటే 100 చదరపు మీటర్లు. రోజుకి 600 లీటర్లు. ఇంట్లో ఉండే 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు. నెలకి 18,000 లీటర్లు.

అరవై దాటిన అమ్మ, మోకాళ్ళ నొప్పులతో, పైపు ఈడ్చుకుంటూ పొయ్యాల్సిన నీళ్ళవి. బోరు ఎండాకాలం ఎంత లోతుకి దిగుతుందో, కరెంటు ఎప్పుడుంటుందో చూసుకుని పొయ్యాలి. మా జిల్లాలో ఉద్దానం ఉంది. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఆ ఊళ్ళు మంచి తాగునీటి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. అలాంటి చోట రోజుకి మూడు డ్రమ్ములు చావబోయే గడ్డికి పొయ్యడం మీద నాకు అభ్యంతరముంది. తప్పెవరిదని కాదు, లెక్క కుదరదు.

పైగా ఆ అమ్మకి ఇంకో బాధ. కొడుకు అంత ఖర్చు పెట్టి వేయించాడు, నా చేతిలో చచ్చిపోయింది అనుకుంటుంది. దొడ్డమ్మ ఎవరైనా ఇంటికొస్తే ముందు లాన్ గురించే సంజాయిషీ చెప్పేది. "నాను రోజూ పోసినాను బాబూ, ఎందుకో నిలవనేదు" అని. డబ్బు పోతే పోయింది. ఆ మాట అనిపించుకోవాల్సిన అవసరం ఆవిడకి లేదు.

ఇక్కడ పీకేది, అక్కడా పీకేది

ఫెస్క్యూ విత్తడానికి ముందు దొడ్డమ్మ వాకిట్లో కూలీలు రెండు రోజులు కష్టపడి ఒక గడ్డిని పీకారు. గరిక. షార్లట్‌లో మా అన్నయ్య ఏటా మందు కొట్టి చంపాలని చూసేదీ ఒక గడ్డే. దాని పేరు బెర్ముడా. సైనోడాన్ డాక్టైలాన్. అంటే గరికే!

వినాయకచవితికి మనం గణపతికి పెట్టే గరికని అక్కడ బెర్ముడా అంటారు. కెంటకీ బ్లూగ్రాస్ కెంటకీలో పుట్టనట్టే, ఇది బెర్ముడా దీవుల్లో పుట్టలేదు. మన పాత ప్రపంచపు గడ్డే అటు వెళ్ళి ఆ పేరు తెచ్చుకుంది. నేల మీద తీగలు, నేల లోపల పిలకలు రెండూ పంపుతుంది. ఫెస్క్యూ లాన్‌లో దూరిందంటే పీకడం కష్టం. చలికి షార్లట్‌లో అది గడ్డిపరకలా ఎండి, ఆకుపచ్చ ఫెస్క్యూ మధ్య మాసికలా కనిపిస్తుంది. అందుకే అక్కడ దానికి చెడ్డపేరు.

డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళని అడగండి. అక్కడ ఎండలు మనలాంటివి. అక్కడ ఎక్కువ ఇళ్ళ ముందు ఉండేది ఈ బెర్ముడా, సెయింట్ అగస్టీన్ గడ్డి. అమెరికాలో కూడా వేడి ఊరికి వేడి గడ్డే వేస్తారు. 27 నుంచి 35 డిగ్రీలు గరికకి హాయి. మన ఊళ్ళో ఏడాదిలో ఎక్కువ రోజులు పగలు అదే కదా వాతావరణం?

అయినా వేస్తానంటే

కొందరికి మనసు ఆగదు. అలాంటివాళ్ళకి రెండు దారులు.

ఒకటి, దాన్ని చలికాలపు పువ్వులా చూడండి. బంతి, చేమంతి వేసుకుంటాం, అవి వేసవికి పోతాయని తెలుసు. అలాగే రైగ్రాస్ చల్లుకుని మూడు నెలలు చూసుకుని వదిలెయ్యండి. కాకపోతే అక్టోబరులో చల్లకండి. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో వచ్చింది అక్టోబరులోనే. పైడితల్లి సిరిమానోత్సవం అయ్యి, తుపాను భయం తగ్గి, నవంబరు సగానికి వచ్చాక చల్లండి. లేకపోతే ఒక్క వానకి విత్తనమంతా కాలవలోకి పోతుంది. ఆవులకి అందనివ్వకండి, సాయంత్రం తడపకండి, ఫిబ్రవరి తర్వాత యూరియా వెయ్యకండి. ఏప్రిల్‌లో పోతే బాధపడకండి, ఫోన్ చేసి ఎవర్నీ అడక్కండి.

రెండు, మీకు కొండమీద స్థలముంటే. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే అరకు. అక్కడ చలికాలం దానికి నిజంగానే చలికాలం. ఎండాకాలం మాత్రం అక్కడా పరీక్షే.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఒక చిట్కా. ప్యాకెట్ మీద బొమ్మ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, దాన్ని చూడకండి. శాస్త్రీయ నామం చూడండి. ఫెస్టూకా, పోవా, లోలియం అని ఉంటే చలి గడ్డి. సైనోడాన్, జోయ్‌సియా, పాస్పాలం అని ఉంటే వేడి గడ్డి. పేరే లేకపోతే కొనకండి. ఇంకోటి, విదేశం నుంచి సూట్‌కేసులో విత్తనాలు తేకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇంటి పక్కనే వరి పొలాలున్న ఊరికి కొత్త తెగులు మోసుకురావడం ఎవరికీ మంచిది కాదు.

మరి ఏం వెయ్యాలి?

రోజంతా ఎండ తగిలే వాకిలైతే గరికని మించింది లేదు. మే నెలలో నేల జానెడు లోతు తవ్వించి, తుంగ గడ్డలు ఏరించండి. తుంగ ఒక్కటి మిగిలినా తర్వాత వంద అవుతుంది. ఒకసారి తడిపి, మొలిచిన కలుపు మళ్ళీ తీయించండి. బాగా చివికిన గెత్తం కలపండి. పచ్చి పేడ వద్దు, అందులో కలుపు గింజలుంటాయి. మృగశిర కార్తె వానలు పడగానే గరిక తీగల్ని ముక్కలు చేసి బెత్తెడు దూరంలో నాటండి. కణుపులు మట్టిలోకి వెళ్ళాలి. పలక వేసి తొక్కితే చాలు, రోలరు అక్కర్లేదు. వానలు బాగుంటే రెండు నెలల్లో నేల కప్పేస్తుంది.

అంత ఓపిక లేకపోతే కడియం నర్సరీల నుంచి చాపల్లా చుట్టిన లాన్ లారీల్లో వస్తుంది. అది పరిచేముందు కింద నేల చదును చేసుకోవడం మర్చిపోకండి. చాప కింద గుంట ఉంటే నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది.

కోత మూడు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో. వర్షాకాలంలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి. యూరియా వానల్లో నెలకోసారి, 100 చదరపు మీటర్లకి కిలో మించకుండా, చల్లగానే తడపాలి. ఎండాకాలం వారానికి రెండుసార్లు పొద్దున్నే, బెత్తెడు లోతు తడిచేలా. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది.

బోరు ఎండిపోయిందనుకోండి. వదిలెయ్యండి. గరిక గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది. నేల లోపలి పిలకలు బతికే ఉంటాయి. తొలకరి పడిన వారానికే మళ్ళీ లేస్తుంది. ఈ మాట ఫెస్క్యూ విషయంలో మన ఊళ్ళో ఎవరూ చెప్పలేరు.

గరికకున్న పెద్ద లోపం ఒకటే, నీడ పడదు. మామిడి కిందా, పనస కిందా గరిక పలచబడిపోతుంది. అక్కడ సెయింట్ అగస్టీన్ వెయ్యండి, నర్సరీలో బఫెలో గ్రాస్ అంటే ఇస్తారు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు నీటి బోర్లుంటే పాస్పాలం మేలు, ఉప్పుకి బాగా ఓర్చుకుంటుంది. మెక్సికన్ లాన్ అని అమ్మేది చూడ్డానికి తివాచీలా మెత్తగా ఉంటుంది, కోత తక్కువ. కాకపోతే నిదానంగా పాకుతుంది, కొన్నాళ్ళకి గుట్టలు గుట్టలుగా ఉబ్బుతుంది.

ఇవేవీ వద్దు, లాన్ సగం చేసి మిగతా సగంలో నాలుగు కనకాంబరాలు, ఒక కరివేపాకు మొక్క, చిక్కుడు పందిరి వేసుకుంటానంటారా? మీ అమ్మగారికి అదే ఇష్టమై ఉంటుంది. అడిగి చూడండి.

వచ్చే ఏప్రిల్‌లో ఎండిన లాన్ ఫొటో మీ ఫోన్‌కి వస్తే, నీళ్ళు పోశావా అని అడిగే ముందు ఇంకోటి అడగండి. "రాత్రి నిద్రపట్టిందా అమ్మా, ఉక్కగా ఉందా?" అని. ఆవిడ "ఫ్యానేసినా నిద్ర నేదు నాయినా" అంటే, గడ్డి ఎందుకు పోయిందో మీకు జవాబు దొరికినట్టే. ఆ తర్వాత ఏసీ సంగతి మాట్లాడుకోండి, లాన్ సంగతి తొలకరికి చూద్దాం.